జీడీబీ పైథాన్ ప్యాచ్ రివ్యూ: ఈ వారాంతం ఎంతవరకు వచ్చిందంటే

ఈసారి చదవడానికి తీసుకున్న ప్యాచ్ (అంటే కోడ్‌లో చేయాలనుకుంటున్న మార్పు) చూడ్డానికి చిన్నదే. అది జీడీబీకి, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపి తప్పులు వెతికే డీబగ్గర్‌కి. పైథాన్ స్క్రిప్టులతో జీడీబీని నడిపే ఇంటర్‌ఫేస్‌లో ఫ్రేమ్ ఆబ్జెక్ట్‌కి (నడుస్తున్న ఒక ఫంక్షన్ పిలుపుకి గుర్తు) ఒక కొత్త మెథడ్, సింబల్ ఆబ్జెక్ట్‌కి (ప్రోగ్రామ్‌లోని ఫంక్షన్, వేరియబుల్ లాంటి పేరుకి గుర్తు) ఒక కొత్త అట్రిబ్యూట్ చేరుస్తున్నారు. సీ ప్లస్ ప్లస్ కోడ్‌తో పాటు టెస్ట్, మాన్యువల్‌లో పేరా, న్యూస్ ఫైల్‌లో ఎంట్రీ కూడా ఉన్నాయి. నేను మాన్యువల్ పేరా చదివాకే కోడ్ తెరుస్తాను. ముందే కోడ్ చూస్తే అది ఏం చేస్తే అదే సరైనదిగా కనిపిస్తుంది, ఇక ప్రశ్నలే పుట్టవు.

శనివారం ఎక్కువ సేపు బిల్డ్‌కే పోయింది. సోర్స్ పక్కన రెండు వేర్వేరు డైరెక్టరీలు పెట్టుకున్నాను: ఒకటి ప్యాచ్ లేనిది, ఇంకొకటి ప్యాచ్ వేసింది. అదే సోర్స్‌లో కలిసి ఉండే లింకర్, అసెంబ్లర్ లాంటివి కాన్ఫిగర్ దశలోనే ఆపేస్తే చాలా టైమ్ కలిసొస్తుంది. ఇన్‌స్టాల్ చేయకుండా బిల్డ్ డైరెక్టరీ నుంచే జీడీబీని నడిపేవాళ్లు డేటా డైరెక్టరీ ఆప్షన్ (జీడీబీ తన సహాయక ఫైళ్లని ఎక్కడ వెతకాలో చెప్పేది) తప్పకుండా ఇవ్వాలి. ఇవ్వకపోతే జీడీబీ తన పైథాన్ మాడ్యూళ్లను ఇన్‌స్టాల్ అయ్యే చోట వెతుకుతుంది. అక్కడ ఏమీ లేకపోతే వార్నింగ్ వస్తుంది, సరే. కానీ పాత వెర్షన్ ఫైళ్లు ఉంటే మాట్లాడకుండా వాటినే లోడ్ చేస్తుంది. అప్పుడు మనం పరీక్షిస్తున్నది సగం కొత్త కోడ్, సగం పాత కోడ్.

ఇక అసలు విషయానికి వస్తే, ఈ ఇంటర్‌ఫేస్‌లో నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: పైథాన్ చేతిలో ఆబ్జెక్ట్ ఇంకా ఉంది, జీడీబీ లోపల దాని వెనకున్నది పోయింది, అప్పుడేమవుతుంది?

ఫ్రేమ్ సంగతి చూద్దాం. జీడీబీ ఫ్రేమ్‌ల సమాచారాన్ని ఒక క్యాష్‌లో పెట్టుకుంటుంది. ప్రోగ్రామ్ కాస్త ముందుకు కదిలినా ఆ క్యాష్ మొత్తం ఖాళీ అవుతుంది. అందుకే పైథాన్ ఫ్రేమ్ ఆబ్జెక్ట్ లోపల పాయింటర్ (మెమరీలో చోటు చూపే అడ్రస్) కాకుండా ఫ్రేమ్ ఐడీ దాస్తారు. ఏ మెథడ్ పిలిచినా ఆ ఐడీతో ఫ్రేమ్‌ని మళ్లీ వెతికి పట్టుకోవాలి, దొరక్కపోతే ఎర్రర్ ఇవ్వాలి. దీన్ని చేత్తోనే చూశాను. మెయిన్ నుంచి ఒక ఫంక్షన్‌ని పిలిచే చిన్న సీ ప్రోగ్రామ్ రాసి, ఆ ఫంక్షన్‌లో బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్ ఆగాల్సిన చోటు) పెట్టి, ఆగిన చోట ఫ్రేమ్‌ని ఒక పైథాన్ వేరియబుల్‌లో దాచాను. కొత్త మెథడ్ సరైన జవాబు ఇచ్చింది. ఫినిష్ కమాండ్ కొట్టి ఆ ఫంక్షన్ నుంచి బయటికొచ్చి అదే వేరియబుల్ మీద మళ్లీ పిలిస్తే 'ఫ్రేమ్ ఈజ్ ఇన్‌వాలిడ్' అని చక్కగా చెప్పింది.

సింబల్ దగ్గర కథ వేరు. సింబల్ ఆబ్జెక్ట్ నిజంగానే పాయింటర్ దాచుకుంటుంది. ఆ సింబల్ ఉన్న ఫైల్‌ని జీడీబీ వదిలేసినప్పుడు, దాన్ని పట్టుకున్న పైథాన్ ఆబ్జెక్ట్‌లన్నిటిలోనూ ఆ పాయింటర్‌ని నల్ (ఖాళీ) చేస్తుంది. దీనికి ప్రోగ్రామ్ నడపాల్సిన పని కూడా లేదు. మెయిన్ సింబల్‌ని వెతికి దాచుకుని, ఫైల్ కమాండ్‌ని ఆర్గ్యుమెంట్ లేకుండా ఇచ్చాను, అలా ఇస్తే జీడీబీ ఆ ఫైల్‌ని వదిలేస్తుంది. పాత అట్రిబ్యూట్‌లు అడిగితే 'సింబల్ ఈజ్ ఇన్‌వాలిడ్' అన్నాయి. కొత్తది అడగ్గానే డీబగ్గరే క్రాష్ అయింది! గెటర్ (అట్రిబ్యూట్ విలువ తెచ్చే ఫంక్షన్) మొదట్లో ఉండాల్సిన వ్యాలిడిటీ చెక్, అంటే సింబల్ ఇంకా ఉందా అని చూసేది, లేదు. ఒక్క లైన్‌తో సరిపోయేదే, కానీ గంటల తరబడి వెతికి ఒక బగ్ దగ్గరికి చేరినవాళ్ల సెషన్ మొత్తం ఆ ఒక్క లైన్ లేక పోతుంది. రివ్యూలో దీన్నే అన్నిటికన్నా పైన రాశాను, మళ్లీ రప్పించే స్టెప్పులతో సహా.

ఆదివారం ఎక్సెప్షన్ల వంతు. జీడీబీ ఎర్రర్లు సీ ప్లస్ ప్లస్ ఎక్సెప్షన్లుగా వస్తాయి. పైథాన్ ఇంటర్‌ప్రెటర్ సీలో రాసింది, దాని మీదుగా అవి దాటిపోకూడదు. కాబట్టి ఎర్రర్ విసరగల ప్రతి పిలుపూ ట్రై బ్లాక్‌లో ఉండాలి, క్యాచ్‌లో దాన్ని పైథాన్ ఎక్సెప్షన్‌గా మార్చాలి. ఈ ప్యాచ్‌లో ట్రై బ్లాక్ ఉంది, కానీ ఇన్ఫీరియర్ (డీబగ్ అవుతున్న ప్రోగ్రామ్) మెమరీ చదివే ఒక పిలుపు దానికి పైన, బయట ఉండిపోయింది. లోపలికి జరపమని రాశాను. రిఫరెన్స్ కౌంట్లలో (ఒక పైథాన్ ఆబ్జెక్ట్‌ని ఎంతమంది పట్టుకున్నారనే లెక్క) తేడా ఏమీ కనిపించలేదు, అన్నీ ఆ లెక్క తనే చూసుకునే స్మార్ట్ రిఫరెన్స్ క్లాస్‌తోనే పట్టుకున్నారు.

పేర్ల గురించి మాత్రం కాస్త పట్టుబట్టాను. 2009లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి జీడీబీలో పైథాన్ ఉంది. అప్పటి పేర్లతోనే జనం ఇప్పటికీ స్క్రిప్టులు రాస్తున్నారు. లోపలి కోడ్‌ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, బయటికి వెళ్లిన పేరుని వెనక్కి తీసుకోవడం కష్టం. ఆర్గ్యుమెంట్ల పేర్లకీ ఇదే వర్తిస్తుంది, ఎందుకంటే కొత్త మెథడ్ కీవర్డ్ ఆర్గ్యుమెంట్లు (పిలిచేటప్పుడు పేరుతో ఇచ్చేవి) తీసుకుంటుంది. దాంట్లో ఒకదానికి 'ఫ్లాగ్' అని పెట్టారు. అది ఏం చేస్తుందో చెప్పే పేరు ఇప్పుడే పెట్టమన్నాను. ఇంకో మాట: సమాచారం లేనప్పుడు మెథడ్ ఖాళీ స్ట్రింగ్ ఇస్తోంది. ఫ్రేమ్‌కి ఇప్పటికే ఉన్న నేమ్ మెథడ్ అలాంటప్పుడు 'నన్' (పైథాన్‌లో 'ఏమీ లేదు' అనే విలువ) ఇస్తుంది. పక్కపక్కన ఉన్న రెండు మెథడ్‌లు రెండు రకాలుగా జవాబిస్తే స్క్రిప్ట్ రాసేవాళ్లకి ప్రతిసారీ మాన్యువల్ తెరవడమే పని.

టెస్టులు రెండు బిల్డ్‌లలోనూ నడిపి సమ్ ఫైళ్లు (టెస్టు ఫలితాల జాబితాలు) పోల్చాను. పైథాన్ డైరెక్టరీ టెస్టులు ఒక్కటే చాలు, మొత్తం సూట్ అక్కర్లేదు. పాత టెస్టుల ఫలితాలు మారలేదు. కొత్త టెస్టుల్లో రెండిటికి ఒకే పేరు ఉండటంతో డూప్లికేట్ అని వచ్చింది. జీడీబీ సర్వర్ బోర్డ్‌తో (ప్రోగ్రామ్‌ని జీడీబీ సర్వర్ ద్వారా నడిపే టెస్ట్ సెట్టింగ్) కూడా నడిపాను, అక్కడా పాసయ్యాయి. కానీ టెస్ట్ అంతా సవ్యంగా నడిచే దారినే చూస్తోంది. ఫినిష్ తర్వాత ఫ్రేమ్‌ని, ఫైల్ వదిలేశాక సింబల్‌ని అడిగే రెండు కేసులు చేర్చమని, నేను వాడిన కమాండ్లు అలాగే ఇచ్చాను.

వ్యాఖ్యలన్నీ పంపేశాను. రెండో వెర్షన్ వస్తే మొదటిదానితో డిఫ్ (తేడాల జాబితా) తీసి, ముందు ఆ సింబల్ క్రాష్ స్టెప్పులే నడుపుతాను. ఈలోగా టైప్ ఆబ్జెక్ట్ మీద ఇంకో ప్యాచ్ ఉంది, దాని మాన్యువల్ పేరా చదవడం మొదలుపెట్టాను.