గ్యారేజీలో కోబ్రా: ఇంజను దించిన నాటి నుంచి వీధి చివరిదాకా

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో మా ఇంటి గ్యారేజీలో కోబ్రా అనే పాత స్పోర్ట్స్ కారు నకలును కట్టే పని మొదలుపెట్టి ఈ నెలతో పద్నాలుగు నెలలు నిండాయి. కిందటిసారి రాసేనాటికి ఛాసీ, అంటే కారు అస్థిపంజరం, తన నాలుగు చక్రాల మీద నిలబడి ఉంది. స్టీరింగు, పెడల్ బాక్సు, వెనుక ఇరుసు బిగించడం పూర్తయింది. ఆ తరువాతి నాలుగు నెలల్లో ఇంజనూ గేర్‌బాక్సూ ఛాసీలోకి దిగాయి, ఇంజను స్టార్టయింది, బాడీ లేకుండానే బండి వీధి చివరిదాకా వెళ్లి తిరిగి వచ్చింది. ఇలా ఒక్క వాక్యంలో చెబితే సాఫీగా జరిగిపోయినట్టే ఉంటుంది గానీ, ఇందులో ఆరు వారాలు అంగుళంలో వెయ్యో వంతులను లెక్కపెట్టడంలోనే గడిచాయి. అందుకే ఈసారి రాస్తున్నదాంట్లో ఎక్కువ భాగం వాటి గురించే ఉంటుంది.

ఈ కారు సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. 1959లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచి, ఆ తరువాత గుండెజబ్బు వల్ల రేసులు మానుకున్న టెక్సస్ వాసి కారల్ షెల్బీ, ఇంగ్లండులోని ఏసీ కంపెనీ తయారుచేసే ఏస్ అనే తేలికైన రెండు సీట్ల కారులో ఫోర్డ్ వీ8 ఇంజను పెట్టించి 1962లో కోబ్రాను తెచ్చాడు. 1965లో దానికే మరింత పెద్దదైన 427 ఘనపు అంగుళాల ఇంజను పెట్టవలసి వచ్చినప్పుడు, పాత ఛాసీ ఆ బలాన్ని తట్టుకోలేదని 3 అంగుళాల గొట్టాల బదులు 4 అంగుళాల గొట్టాలు వాడి, పట్టీల స్ప్రింగులు తీసేసి కాయిల్ స్ప్రింగులు వేశారు. అసలు కార్లు మనబోటివాళ్ల చేతికి అందేవి కావు; మొట్టమొదటి కోబ్రా 2016లో వేలంలో 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లు పలికింది. అందుకే ప్రపంచంలో మరే కారుకూ లేనన్ని నకళ్లు దీనికి ఉన్నాయేమో అనిపిస్తుంది. నేను కడుతున్నది మసాచుసెట్స్‌లోని వేర్‌హామ్ పట్టణంలో ఉన్న ఫ్యాక్టరీ ఫైవ్ వాళ్ల కిట్. ఛాసీ, ఫైబర్ బాడీ, అల్యూమినియం రేకులు వాళ్లు పంపిస్తారు. ఇంజను, గేర్‌బాక్సు, వెనుక ఇరుసు, చక్రాలు, రంగు మన బాధ్యత.

ఇంజను విషయంలో నేను 427 అంకె వెంట పడలేదు. ఫోర్డ్ 351 విండ్సర్ పాత బ్లాకు సిలిండర్లను అంగుళంలో 30 వెయ్యో వంతులు బోరు చేయించి (వెడల్పు చేయించి), పిస్టను కదిలే దూరం, అంటే స్ట్రోకు, 4 అంగుళాలు ఉండే క్రాంకు షాఫ్టు వేయిస్తే 408 ఘనపు అంగుళాలు, అంటే దాదాపు 6.7 లీటర్లు వస్తుంది. ఊళ్లోని ఒక మెషీన్ షాపులో కట్టించిన ఈ ఇంజను బలం కొలిచే డైనమోమీటరు మీద 450 హార్స్‌పవర్ దాటింది. పూర్తయ్యాక సుమారు 1,050 కిలోలు తూగే బండికి అది చాలినంత కాదు, ఎక్కువే. అయినా తెలిసినవాళ్లు బానెట్టు కింద 427 లేకపోతే అది కోబ్రా ఎలా అవుతుందని అడుగుతూనే ఉన్నారు. నిజానికి ఫోర్డ్ 427 ఇంజను బోరు 4.23 అంగుళాలు, స్ట్రోకు 3.78 అంగుళాలు, ఎనిమిది సిలిండర్ల పరిమాణం లెక్కకట్టి చూస్తే 425 దగ్గరే ఆగుతుంది. పైగా ఆ రోజుల్లో 427 అని అమ్మిన రోడ్డు కార్లలో చాలావాటికి చవకైన 428 ఇంజన్లు వేసి పంపారు. ఈ లెక్క చెప్పాక సాధారణంగా సంభాషణ మరో విషయం మీదికి మళ్లుతుంది.

ఇక అసలు కథ, ఇంజనునూ గేర్‌బాక్సునూ కలిపే గంట ఆకారపు లోహపు తొడుగు, అంటే బెల్‌హౌసింగు దగ్గర మొదలవుతుంది. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లకు పైగా లారీ గేర్‌బాక్సులు విప్పి బిగించిన మనిషి. గేర్‌బాక్సు వచ్చిన రోజున వీడియో కాల్‌లో పెట్టె విప్పి చూపిస్తే, ఐదు గేర్ల ట్రెమెక్ టీకేఎక్స్ అనీ, 600 ఫుట్ పౌండ్ల టార్కు తట్టుకుంటుందనీ నేను గొప్పగా చెబుతున్నదంతా ఓపిగ్గా విని, చివరికి ఒక్కటే అడిగారు.

“బెల్‌హౌసింగుకి డయలు పెట్టి చూశావురా?”

“కొత్తదే కదా నాన్నా, ఎందుకు?”

“అది కొత్తదే. బ్లాకు నీకంటే పాతది. రెండింటి సెంటరు కలిసిందని నీకెవరు చెప్పారు?”

బెల్‌హౌసింగు బ్లాకు వెనుక ఉన్న చోటు కుదిర్చే రెండు డోవెల్ పిన్నుల మీద కూర్చుంటుంది. ఆ పిన్నుల చోటు కాస్త అటూ ఇటూ అయితే క్రాంకు మధ్యరేఖా, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు మధ్యరేఖా కలవవు. బోల్టులు హాయిగా బిగుస్తాయి, బండి కూడా నడుస్తుంది. కానీ షాఫ్టు ప్రతి చుట్టుకూ, క్రాంకు కొసన తన మూతిని పట్టుకునే పైలట్ బేరింగును ఒక పక్కకు నెడుతూ ఉంటుంది. గేర్లు గట్టిగా పడటం, క్లచ్ పూర్తిగా వదలకపోవడం, చివరికి ముందు బేరింగు పోవడం అన్నీ దాని వల్లే కావచ్చు. పాత లారీ గేర్‌బాక్సులు ఈ తేడాను కొంతవరకు భరించేవట. ఇప్పటి గేర్‌బాక్సులకు గేజి మీద తేడా 5 వెయ్యో వంతులు దాటితే పనికిరాదు.

సరే, స్పార్కు ప్లగ్గులన్నీ తీసేసి, అయస్కాంతపు స్టాండుతో వెయ్యో వంతుల తేడా చూపించే డయల్ గేజిని క్రాంకు వెనుక తిరిగే బరువైన చక్రానికి, అంటే ఫ్లైవీల్‌కు అంటించి, ముల్లు బెల్‌హౌసింగు మధ్య రంధ్రం లోపలి అంచుకు ఆనించాను. గేజిని నిలబెట్టడానికి చదునైన చోటు వెతుకుతూ ఫ్లైవీల్‌ను టార్చిలైటుతో దగ్గరగా చూసినప్పుడు, వెనుకవైపు పోతపోసిన బరువు దిమ్మ నేను అనుకున్నదానికన్నా చాలా పెద్దదిగా కనిపించింది. చిన్న బ్లాకు ఫోర్డ్ ఇంజన్లలో 351కీ పాత 302కీ క్రాంకు తిరుగుడు సమతూకం కోసం 28 ఔన్సుల బ్యాలెన్సు ఉంటుంది. 1980ల తొలినాళ్ల తరువాతి 302కి 50 ఔన్సులు. రెండు ఫ్లైవీళ్లూ ఒకే బోల్టులకు పడతాయి, పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. మెషీన్ షాపు వాళ్లిచ్చిన కాగితం మీద 28.2 అని స్పష్టంగా రాసి ఉంది. వాడిన సామాను అమ్మే ఒకాయన దగ్గర 351దేనన్న మాట నమ్మి నేను కొన్నది 50ది. దాంతోనే స్టార్టు చేసి ఉంటే ఇంజను వణికిపోయేది, కొన్నాళ్లకు క్రాంకు బేరింగులు పోయేవి. నాన్న మాట విని డయలు పెట్టకపోతే ఆ దిమ్మ వైపు నేను చూసేవాణ్నే కాదు.

అమ్మినాయన డబ్బు వెనక్కి ఇవ్వలేదు. దాని మీద గొడవ పెట్టుకునే ఓపికా నాకు లేకపోయింది. మెషీన్ షాపు నుంచే కొత్త 28 ఔన్సుల ఫ్లైవీల్ కొని, బ్యాలెన్సు మెషీను మీద చూపించుకుని తెచ్చాను. బిగించేటప్పుడు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది: ఈ ఇంజనులో ఫ్లైవీల్ బోల్టు రంధ్రాలు లోపలి ఆయిలు భాగంలోకి తెరుచుకుంటాయి, కాబట్టి మరలకు సీలెంటు రాయకపోతే క్లచ్ ప్లేటు మీదికి నూనె కారుతుంది. రాసి, ఎదురెదురు బోల్టులు వరుసగా మూడు విడతల్లో 80 ఫుట్ పౌండ్లకు బిగించాను.

తిరిగి డయలు పెడితే వచ్చిన అంకె 0.018. గడియారంలో నాలుగు ఉండే చోట ముల్లు ఒక కొసన, పది ఉండే చోట రెండో కొసన నిలిచింది. గేజి చూపించే మొత్తం తేడాలో సగమే అసలు జరుగుదల, అంటే సెంటరు 9 వెయ్యో వంతులు పక్కకు ఉంది. దీనికి మందు వంకర డోవెల్సు. పిన్ను ఒక సగం బ్లాకులో కూర్చుంటే, రెండో సగం మధ్యరేఖ నుంచి 7 వెయ్యో వంతులు పక్కకు తొలగి ఉంటుంది. పిన్నును స్క్రూడ్రైవరుతో తిప్పి ఆ తొలగింపు ఏ దిక్కుకు ఉండాలో ఎంచుకోవచ్చు. రెండు పిన్నులూ ఒకే దిక్కుకు చూడాలి. పాత డోవెల్సు లాగి, కొత్తవి కొట్టి, బెల్‌హౌసింగు బిగించి చూస్తే 0.032 వచ్చింది. ఒక పూటంతా తల పట్టుకుని కూర్చున్నాక గానీ వెలగలేదు: 9కీ 7కీ కూడితే 16, దానికి రెట్టింపు 32. అంటే తప్పు దిక్కుకే అయినా, సరిగ్గా ఎదురు దిక్కుకు తిప్పానన్నమాట. రెండోసారి 0.006, మూడోసారి 0.004. అక్కడ ఆగాను. ప్రతిసారీ ఆరు బోల్టులు విప్పి, ఆ బరువు దింపి, మళ్లీ ఎత్తాలి కనుక శనివారం సాయంత్రానికి భుజాలు పట్టేశాయి.

ఇంజనునూ గేర్‌బాక్సునూ జోడించి అద్దె క్రేనుతో ఛాసీలోకి దింపడానికి ముగ్గురికి రెండున్నర గంటలు పట్టింది. గేర్‌బాక్సు తోకను కిందికి వాల్చి, వెనక్కి జరుపుతూ, మెల్లమెల్లగా ముందు భాగం దించాలి. ఫైర్‌వాల్ అంచులకు పాత దుప్పటి కప్పడం మరిచిపోకండి. నేను ఒక మూల మరిచిపోయాను, అక్కడ రేకు గీసుకుపోయింది.

గేర్‌బాక్సు నుంచి వెనుక ఇరుసుకు బలం చేర్చే డ్రైవ్ షాఫ్టును ఈ కారులో చూసినవాళ్లందరూ నవ్వుతారు. చక్రాల మధ్య దూరం 90 అంగుళాలే, అందులో ఇంజనూ గేర్‌బాక్సూ చాలా మేరకు ఆక్రమించేస్తాయి కనుక, ఇరుసుకు చేరడానికి మిగిలేది జానెడు పైన కొంచెం. నాది పదిన్నర అంగుళాలు వచ్చింది. ఇంత పొట్టి షాఫ్టుకు ఎత్తులో చిన్న తేడా వచ్చినా కోణం చాలా మారిపోతుంది. గేర్‌బాక్సు వెనుక మూతి 2.5 డిగ్రీలు కిందికి వాలి ఉంటే, ఇరుసు మధ్యనున్న డిఫరెన్షియల్ మూతి అంతే మేరకు పైకి చూడాలి, రెండు రేఖలూ సమాంతరంగా ఉంటేనే షాఫ్టు రెండు కొసల్లోని యూ జాయింట్ల (కోణంలో తిరిగే కీళ్ల) కుదుపులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కొలత తీసేటప్పుడు బండి గాలిలో ఉండకూడదు, చక్రాల మీదే నిలబడి, సీటులో డ్రైవరంత బరువు ఉండాలి. నేను రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలూ, ఒక టూల్ బాక్సూ పెట్టాను. గేర్‌బాక్సు మౌంటు కింద 3 మిల్లీమీటర్ల పలుచని పలక (షిమ్ము) వేస్తే తేడా అర డిగ్రీ లోపలికి వచ్చింది.

బ్రేకు పైపుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రాగి, నికెలు కలిసిన గొట్టం చేతితోనే వంగుతుంది, కొసలు రెండు మడతలుగా విప్పారేలా నొక్కాలి (డబుల్ ఫ్లేర్). పెడల్ నొక్కిపెట్టి కర్ర ఆన్చి రాత్రంతా ఉంచితే, తెల్లవారేసరికి ఒక టీ జాయింటు దగ్గర తడి కనిపించింది. తిరిగి ఫ్లేర్ చేశాక అది ఆగింది.

స్టార్టుకు ముందు చేయవలసిన ముఖ్యమైన పని ఆయిలు పంపును తిప్పి ఇంజనంతా నూనె పట్టించడం. ఈ ఇంజనులో పంపు, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు కింది షాఫ్టుతో తిరుగుతుంది. డిస్ట్రిబ్యూటరు పైకి తీసి, ఆ షాఫ్టుకు 5/16 అంగుళాల సాకెట్టు తగిలించి, డ్రిల్లుతో గడియారం ముళ్లకు వ్యతిరేక దిశలో తిప్పాలి. సాకెట్టును పొడిగింపు కడ్డీకి టేపుతో చుట్టడం తప్పనిసరి, అది ఊడి లోపల పడితే ఇంజను అడుగు విప్పవలసిందే. మొదటి అర నిమిషం డ్రిల్లు తేలిగ్గా తిరిగింది. ఆ తరువాత ఒక్కసారిగా మణికట్టు మెలితిరిగేంత బరువెక్కింది, గేజి ముల్లు 60 పౌండ్ల దగ్గరకు లేచింది. వాల్వులను తెరిచే రాకర్ల మీద నూనె బొట్లు బొట్లుగా పైకి రావడం చూశాక, క్రాంకును పావు చుట్టు తిప్పి మళ్లీ అదే పని చేశాను. ఇలా నాలుగుసార్లు.

జూన్ రెండో ఆదివారం తాళం తిప్పితే స్టార్టు కాలేదు సరికదా, కార్బురేటరులోంచి తుపాకీ పేలినట్టు మంట వచ్చింది. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను పాత 302లో సిలిండర్లు మండే వరుస ప్రకారం 1-5-4-2-6-3-7-8గా ప్లగ్గు వైర్లు పెట్టాను. 351కి కావలసింది 1-3-7-2-6-5-4-8. ఈసారి నింద మోపడానికి మరెవరూ లేరు. వైర్లు మార్చి, నిప్పురవ్వ పడే టైమింగు ముందుగా 12 డిగ్రీల దగ్గర, పెట్రోలు ప్రెషరు 6 పౌండ్ల దగ్గర సరిచూసుకుని తిప్పితే రెండో క్షణంలో అందుకుంది. ఎనిమిది సిలిండర్ల పొగా రెండు పక్కల పైపుల్లోంచే వెళ్లిపోతుంది, మఫ్లర్లు నామమాత్రమే. గ్యారేజీ తలుపు రేకు ఇంజను లయకు తగ్గట్టు అదిరింది. ఆయిలు ప్రెషరు చూస్తూ ఇరవై నిమిషాలు నడిపాను. థర్మోస్టాటు హౌసింగు దగ్గర ఒక బొట్టు నీరు తప్ప ఎక్కడా కారలేదు. ఆ పక్క పైపులు మోకాలి దగ్గరే ఉంటాయి, షార్ట్స్ వేసుకుని దిగితే పిక్క కాలుతుంది. ఈ కారు ఉన్నవాళ్లందరికీ ఆ మచ్చ ఉంటుంది. నాకు దిగడం మొదలుపెట్టిన మొదటి రోజే పడింది.

వారం తరువాత పొద్దున్నే ఏడు గంటలకు, ఒక్క సీటుతో, బాడీ లేకుండా వీధి చివరిదాకా నడిపాను. మొదటి గేరులో క్లచ్ వదిలితే చాలు, యాక్సిలరేటరు తొక్కనవసరం లేకుండానే బండి కదిలిపోయింది. రెండో గేరు వెన్నలోకి కత్తి దిగినంత మెత్తగా పడింది. తిరిగి వచ్చాక నాన్నకు వీడియో పంపితే, ఇంజను చప్పుడు గురించి ఒక్క మాట కూడా రాయకుండా, గేరు మార్చేటప్పుడు కెమెరా ఎందుకు కదిలిందని అడిగారు.

ఇండియాలో ఇలాంటి బండిని రోడ్డెక్కించడం దాదాపు కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను రిజిస్ట్రేషనులో రాసినదానికి భిన్నంగా బండిని మార్చడాన్నే ఒప్పుకోదు. కాలిఫోర్నియాలో సొంతంగా కట్టుకున్న బండ్ల కోసం ఎస్‌బీ 100 అనే చట్టం ఉంది. దాని కింద ఏటా 500 బండ్లకు మాత్రమే, బాడీ ఏ సంవత్సరపు మోడలును పోలి ఉందో ఆ ఏటి పొగ ప్రమాణాలే వర్తింపజేస్తారు. జనవరి మొదటి పనిదినాన ముందు వచ్చినవారికే ముందు ఇస్తారు కనుక, బండి పూర్తయినా కాకపోయినా కాగితాలు డిసెంబరు నాటికి సిద్ధంగా ఉండాలి. ఇంజను రసీదులు, ఫ్లైవీల్ రసీదుతో సహా, ఒక కవరులో వేసి ఉంచాను.

వచ్చే శనివారం గ్యారేజీ కప్పుకు వేలాడదీసిన బాడీని కిందికి దించి ఛాసీ మీద పెట్టి చూడాలి. దానికి నలుగురు కావాలి, ఇద్దరు ఇప్పటికే వస్తామన్నారు. ఈలోగా థర్మోస్టాటు గాస్కెట్టు మార్చి, డ్రైవ్ షాఫ్టు బోల్టుల మీద మార్కరుతో గీసిన గీతలు కదిలాయేమో చూస్తాను.