నాకు రాదన్న డప్పు

బడి స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన బ్యాచ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు హాస్టల్ చారు గురించి రాద్దామనుకున్నాను. దాని గురించి ఎలాగూ పదిమంది రాస్తారు. అందుకే నేను 1995 ఆగస్టు 15 గురించి రాస్తాను. అక్కడ మొదలుపెట్టి అమెరికాలో నేనుండే మినియాపొలిస్ దాకా పోవాలి, కాస్త ఓపిక పట్టండి.

అప్పుడు మనం టెన్త్. పొద్దున్నే ఊరంతా తిరిగే ప్రభాత భేరికి డ్రమ్ము కావాలి, బడి డ్రమ్ము చూస్తే ఒకపక్క చిరిగిపోయింది. ముందురోజు సాయంత్రం ప్రేయర్ గ్రౌండులో పీఈటీ సారు "డప్పు ఎవరికొచ్చురా?" అని అడిగారు. ఎవరూ నోరు తెరవలేదు. అందరూ తలలు తిప్పి నా వైపు చూశారు. మీలో చాలామందికి ఇది గుర్తుండదు. గుర్తుండాలని కూడా నేను అనుకోను. నేను మాత్రం "నాకు రాదు సార్" అన్నాను.

పచ్చి అబద్ధం. మా నాయిన డప్పు కొట్టేవాడు. ఈ ఒక్క ముక్కతో మాది ఏ వాడో, ఏ కులమో మీకు తెలిసిపోతుంది. బడిలో కూడా అలాగే తెలిసిపోయేది. డప్పు కొట్టే కర్ర సిర్రను ఏ చేత్తో పట్టాలో, సిటికెన పుల్ల ఏ వేళ్ల మధ్య ఇరికించాలో నాకు అ ఆల కంటే ముందే వచ్చు.

మర్నాడు పొద్దున వాడ నుంచి ఒకాయన్ని పిలిపించారు. వచ్చింది మా నాయిన. ఆయన ముందు నడుస్తూ కొట్టాడు. నేను మూడో వరుసలో నడుస్తూ జై కొట్టాను. ఊరంతా తిరిగి వచ్చేదాకా నేను ఆయన వైపు చూడలేదు. ఆయనా నా వైపు చూడలేదు. చూస్తే నాకు నామోషీ అని ఆయనకు తెలుసు.

ఆ సాయంత్రం సోషల్ సారు నన్ను హాస్టల్ గేటు దగ్గర ఆపారు. "రాదా? కొట్టవా?" అన్నారు. అంతే. జవాబు కోసం ఆగకుండా సైకిలెక్కి వెళ్లిపోయారు.

ఆ సారే మనతో మిసిసిపి నది పేరు బట్టీ పట్టించింది. 2004 నుంచి నేను ఆ నది పారే ఊళ్లోనే ఉంటున్నాను సార్. ఇటాస్కా చెరువులో అది పుట్టే చోట రాళ్ల మీద నాలుగడుగులేస్తే నదిని దాటేయొచ్చు. మీరుంటే ఆ ఫొటో పంపేవాణ్ణి.

2020 మే 25 సోమవారం, ఇక్కడ సెలవు రోజు. మార్చి నుంచి ఇంట్లోనే ఉండి పనిచేస్తున్నాం. లేఆఫ్ లిస్టులో పేరుంటుందేమోనని ప్రతి శుక్రవారం టెన్షన్. ఆ సాయంత్రం మా ఇంటికి రెండు మైళ్లలో, 38వ వీధి, షికాగో అవెన్యూ కలిసే మూల మీద, దొంగనోటు ఇచ్చాడన్న అనుమానంతో పోలీసులు జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషిని పట్టుకున్నారు. ఆయనకు 46 ఏళ్లు. ఒక పోలీసు మెడ మీద మోకాలు పెట్టి తొమ్మిది నిమిషాలకు పైగా తీయలేదు. ఆయన ప్రాణం పోయింది. పదిహేడేళ్ల అమ్మాయి ఒకతి ఫోన్‌లో అంతా తీసింది. ఆ పిల్ల చెయ్యి వణికి ఫోన్ దించేసుంటే మనకెవరికీ ఏమీ తెలిసేది కాదు. ఆ వీడియో నేను సగమే చూశాను. మిగతా సగం ఇప్పటికీ చూడలేదు.

తర్వాతి రాత్రులు మీరు టీవీలో చూసినవే. 28న థర్డ్ ప్రిసింక్ట్ పోలీస్ స్టేషన్ కాలిపోయింది. కిటికీలు మూసినా ఇంట్లో కాలిన వాసన. హెలికాప్టర్ల చప్పుడుకు పాప నిద్రపోయేది కాదు. మర్నాటి నుంచి రాత్రి 8 గంటలకు కర్ఫ్యూ. లేక్ స్ట్రీట్ దగ్గర గాంధీ మహల్ అని ఒక హోటల్ ఉండేది. యజమాని బంగ్లాదేశ్ ఆయన, పేరు రుహేల్ ఇస్లాం. నేలమాళిగలో నీళ్ల తొట్లు పెట్టి, ఒకపక్క చేపలు, ఒకపక్క కూరగాయలు పెంచేవాడు. ఆ గొడవల్లో దెబ్బలు తగిలినవాళ్లకు కట్లు కట్టడానికి హోటల్లోనే చోటిచ్చాడు. తర్వాత ఆ హోటలూ కాలిపోయింది. "నా బిల్డింగు కాలితే కాలనీ, న్యాయం జరగాలి" అన్నాడాయన. ఆ మాట చదివాక నేను చాలాసేపు ఫోన్ కింద పెట్టలేదు. నా కారు అద్దం పగిలినా అంత మాట నేను అనలేను. దబాయించి చెప్పుకోవడం ఎందుకు.

ఇక మన తెలుగు వాట్సాప్ గ్రూపులు. టార్గెట్ షాపు లూటీ అయిన వీడియో పెట్టి ఒకాయన "వీళ్ల బుద్ధే అంత" అని రాశాడు. కింద వరసగా బొటనవేళ్లు. ఆ మాటలు నేను అంతకుముందు ఎక్కడ విన్నానో నాకు బాగా తెలుసు. మన ఊరి రచ్చబండ దగ్గర, మా వాడ గురించి, సరిగ్గా అవే మాటలు. గ్రూపులో ఏదో రాయబోయి చెరిపేశాను. ఎందుకంటే 2004లో నేనిక్కడికి దిగినప్పుడు "ఆ ఏరియాలో ఇల్లు తీసుకోకు, నల్లవాళ్లుంటారు" అని సీనియర్లు చెప్తే, ఎందుకని అడక్కుండా సరేనన్నది నేనే. వాడ అనే మాట తెలిసినవాణ్ణే, ఇక్కడికొచ్చి ఇంకొకరి వాడను పక్కకు పెట్టాను.

2017లో కాన్సాస్ రాష్ట్రం ఒలేతేలో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ను "మా దేశం నుంచి పొండి" అని అరుస్తూ కాల్చి చంపినప్పుడు ఇవే గ్రూపులు ఏడ్చాయి. బయట తెలుగులో మాట్లాడొద్దని ఒకరికొకరు మెసేజ్‌లు పంపుకున్నాం. ఆ రాత్రి అడ్డం పోయి తూటా తిన్నవాడు ఇయాన్ గ్రిలట్ అనే అమెరికా కుర్రాడు. మూడేళ్లకే అదంతా మర్చిపోయామా అనిపించింది.

మే 31 ఆదివారం. చుట్టుపక్కల దుకాణాలు మూతపడి సరుకులకు ఇబ్బందిగా ఉంది, 85 సంచుల సరుకులు కావాలని శాన్‌ఫర్డ్ మిడిల్ స్కూల్ వాళ్లు అడిగారు. మేమూ బయల్దేరాం. మా ఆవిడ బ్రెడ్డు, అరటిపళ్లు సర్దుతుంటే నేను బియ్యం, కందిపప్పు పెట్టాను. "కందిపప్పు ఎవరు వండుకుంటారండీ ఇక్కడ?" అంది. నిజమే, అయినా పెట్టాను. బడికి మైలు దూరంలోనే కార్లు ఆగిపోయాయి. ఎవరూ హారన్ కొట్టడం లేదు. ముందు కారులోంచి ఒక ముసలాయన దిగి, మాస్కు సర్దుకుని, అక్కడే రోడ్డు మీద చిన్న డాన్స్ వేశాడు. వెనక కార్ల పిల్లలు అద్దాలు దించి చప్పట్లు. మూడు రోజుల తర్వాత మా పాప నవ్వింది ఆ డాన్సుకే. 85 అడిగితే ఆ రోజు 30 వేల సంచుల దాకా వచ్చాయట.

జులైలో నాయిన పోయాడు. కరోనా కాదు, గుండె. నా పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది. జూన్ 22న వచ్చిన ఆర్డరుతో హెచ్1బీ వీసాల మీద ఎవరినీ కొత్తగా లోపలికి రానివ్వడం లేదు. పోతే తిరిగి రాలేను. మామూలు విమానాలు కూడా లేవు, వందే భారత్ విమానాల కోసం ఎదురుచూడాలి. మా తమ్ముడు వీడియో కాల్‌లో చూపించాడు. పాడె వెనక పదిహేను మంది కూడా లేరు. కానీ నాయిన జతగాళ్లు నలుగురు వచ్చారు. మాస్కులు మెడలోకి లాక్కుని డప్పులు కొట్టారు. మొదట నెమ్మదిగా సావు దరువు. ఊరు దాటాక ఒకాయన దరువు మార్చాడు. నాయినకు ఇష్టమైన ఆట దరువు. ఫోన్ పట్టుకున్న తమ్ముడి చెయ్యి అదిరింది, బొమ్మ పోయింది, చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. ఇక్కడ తెల్లవారుజాము మూడు. నా వేళ్లు వంటింటి గట్టు మీద ఆ దరువు వేస్తున్నాయని మా ఆవిడ చెప్తేనే తెలిసింది.

ఆ చలికాలమంతా నేను 38వ వీధి మూలకు పోతుండేవాణ్ణి. ఎందుకని అడిగితే చెప్పలేను. జనం రోడ్లకు అడ్డాలు పెట్టి ఆ చోటును తమ చేతుల్లోకి తీసుకున్నారు. కూడలి మధ్యలో పిడికిలి బొమ్మ. ఒక వీధి ఇవతల గడ్డి మైదానంలో, పోలీసుల చేతుల్లో చనిపోయిన వందమందికి పైగా నల్లవాళ్ల పేర్లతో తెల్లటి సమాధి రాళ్ల వరసలు. మూతపడ్డ పెట్రోలు బంకు బోర్డు మీద "జనం ఉన్నచోట బలం ఉంది" అని రాశారు. ఆ బంకు ముందు రోజూ పొద్దున, సాయంత్రం మంట వేసుకుని కూర్చుని మాట్లాడుకునేవారు. అక్కడే ఒక పెద్దావిడ పరిచయమైంది. వయసు మా అమ్మంత ఉంటుంది. ఆమె పేరు రాయను, ఆమెకు ఇష్టముండదు.

నాయిన గురించి, ఆ దరువు మారడం గురించి ఆమెకు చెప్పాను. సావుకు ఆట దరువేమిటని ఆశ్చర్యపోతుందనుకున్నాను. ఆమె నవ్వింది. వాళ్ల తాతలది న్యూ ఆర్లియన్స్ అట. అక్కడా శవం వెంట బ్యాండు మేళం నడుస్తుంది. పోయేటప్పుడు ఏడుపు పాటలు, పూడ్చి తిరిగొచ్చేటప్పుడు గెంతే పాటలు. వెనకాల గొడుగులు తిప్పుతూ ఊరి జనం. సెకండ్ లైన్ అంటారట దాన్ని. "పోయినవాణ్ణి మర్చిపోయి కాదు నాయనా, వాడికి వినిపించాలని" అంది.

ఇంకో మాట చెప్పింది. 1739లో సౌత్ కరోలినాలో బానిసలు స్టోనో అనే చోట తిరగబడ్డారు. డప్పులు మోగించుకుంటూ నడిచారు. మరుసటేడే చట్టం చేసి, బానిసల దగ్గర డ్రమ్ములు ఉండకూడదన్నారు. డ్రమ్ములు లాక్కుంటే చేతులతో తొడల మీద, కాళ్లతో నేల మీద కొట్టుకున్నారట. ఆమె కూర్చున్నచోటే కోటు మీద అరచేతులతో చరిచి చూపించింది. వాళ్ల డప్పును చట్టం పెట్టి లాక్కోవాల్సి వచ్చింది. నాకు చట్టం అవసరం రాలేదు, తలలు తిప్పి చూస్తే చాలింది. ఆ మంట దగ్గర నాకు సోషల్ సారు సైకిలు గుర్తొచ్చింది.

2021 ఏప్రిల్ 11న ఇక్కడికి దగ్గర్లోనే బ్రూక్లిన్ సెంటర్‌లో డాంటే రైట్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాణ్ణి పోలీసులు కాల్చేశారు. ఫ్లాయిడ్ కేసు విచారణ అప్పటికింకా నడుస్తూనే ఉంది. తొమ్మిది రోజులకు తీర్పు. ఫోన్లన్నీ చెవుల దగ్గర పెట్టుకుని ఆ మూల మీద నిలబడ్డాం. ఆ పోలీసు మీద మూడు నేరాలూ రుజువయ్యాయని విన్నాక పెద్ద కేక. ఎవరెవరో వాటేసుకున్నారు. పెద్దావిడ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "మా డాంటేకి ఏం చెప్తాం?" అంది. కాసేపటికి ఎవరో పాట ఎత్తుకుంటే ఆమే లేచి అందరికంటే ఎక్కువ ఆడింది. రెండూ ఒకే మనిషి, ఒకే గంటలో.

ఆ వసంతం నుంచే ప్రతి సోమవారం అక్కడ బ్రాస్ సాలిడారిటీ అనే మేళం వాయించడం మొదలుపెట్టింది. ఫ్లాయిడ్ పోయింది సోమవారమే. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, పెద్ద డ్రమ్ము. మంచులోనూ మానలేదు. ఏదైనా వాద్యం పట్టుకుని ఎవరైనా చేరొచ్చు. పెద్దావిడ ప్రతిసారీ నన్నడిగేది: "నువ్వేం వాయిస్తావు?" "నాకేమీ రాదు" అనేవాణ్ణి. ఇరవై ఆరేళ్లయినా అదే జవాబు.

డిసెంబరులో ఊరికి వెళ్లాను. నాయిన డప్పు దూలానికి వేలాడుతోంది. అమ్మ దించి, కొంగుతో తుడిచి ఇచ్చింది. "నీ దగ్గరుంటే మోగుద్దా?" అని మాత్రం అడిగింది. దుప్పట్లో చుట్టి పెట్టెలో పెట్టాను. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయంలో ఆఫీసరు దాన్ని తిరగేసి, వాసన చూసి, ఏమిటిదన్నాడు. డ్రమ్ అన్నాను. "వాయిస్తావా?" అన్నాడు. అవునన్నాను. పోనిచ్చాడు. ఆ అవును మొదటిసారి అన్నది ఒక కస్టమ్స్ ఆఫీసరుతో.

2022 మేలో ఒక సోమవారం. పొద్దున వాన పడింది, చర్మం మెత్తబడి డప్పు బొబ్బొబ్బమంటోంది. అందరూ వాద్యాలు సర్దుకుంటుంటే నేను బంకు ముందు మంట దగ్గరికి పోయి డప్పును సెగకు పట్టాను. తిప్పుతూ, వేలితో తడుతూ, మళ్లీ తిప్పుతూ. నాయిన చేసినట్టే. కాలుస్తున్నాడేమోనని ఒక కుర్రాడు కంగారుగా పరిగెత్తుకొచ్చాడు. ఇలా కాస్తేనే మోగుతుందని చెప్పి సిర్రతో ఒక్కటి వేశాను. ఖణేల్‌మంది. ట్రాంబోన్ ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఈసారి తలలు తిరిగితే నాకు భయం వేయలేదు.

అబద్ధమెందుకు, ఆ రోజు నేను బాగా కొట్టలేదు. రెండుసార్లు దరువు తప్పాను. చేతులు బొబ్బలెక్కాయి. పెద్దావిడ వచ్చి డప్పును వాసన చూసి, "పొగ వాసన, బాగుంది" అంది.

బడి స్వర్ణోత్సవానికి వస్తున్నాను. టికెట్లు తీసుకున్నాను. ప్రభాత భేరిలాగే ఊరంతా తిరుగుదామని గ్రూపులో ఎవరో అన్నారు. బ్యాండు సెట్ మాట్లాడొద్దు. నాయిన డప్పు తెస్తున్నాను, ఇంకో ముగ్గురిని తమ్ముడు చూస్తానన్నాడు. అప్పుడు మంచు కురుస్తుంది, డప్పు కాచుకోవాలి కాబట్టి ఎవరైనా ఒక మోపు వరిగడ్డి బడి వెనకాల గోడ పక్కన వేసి ఉంచండి. ఎండుది. పచ్చిది పొగ పెడుతుంది.