ఒక ‘నే’ కోసం

శనివారం రాత్రి

రేపు మా లూథరన్ చర్చిలో సంస్కరణ పండుగ. పదహారో శతాబ్దంలో కతోలిక చర్చిని ఎదిరించిన జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్‌ను తలుచుకునే రోజు. స్త్రీల సమాజం తరఫున అమ్మ అయిదు నిమిషాలు వాక్యం చెప్పాలి. ఆ అయిదు నిమిషాల కోసం వారం రోజులుగా ఇంట్లో అందరి ప్రాణాలూ తోడేస్తోంది. బైబిల్లో పౌలు రాసిన ఎఫెసీ పత్రిక 2:8ని చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసే పని నాకు పడింది. భోజనం కాగానే హాల్లో నేల మీద బోర్లా పడుకుని రాశాను: ‘మీరు విశ్వాసము ద్వారా కృపచేత రక్షింపబడియున్నారు.’

అమ్మ కళ్లజోడు సవరించుకుని చూసింది.

“‘నే’ ఏదిరా?”

“ఏ ‘నే’?”

“కృపచేతనే! ఆ ‘నే’ లేకపోతే మనం లూథరన్లం ఎందుకు?”

పక్కనే గోంగూర ఆకు తుంచుతున్న వదిన కిసుక్కున నవ్వింది. వదినది ఫిరంగిపురం. పెళ్లయి పన్నెండేళ్లయినా మా ఇంట్లో ఆవిడ ఆర్‌సీఎమ్మే, అంటే రోమన్ కతోలికే.

“ఆ ‘నే’ పౌలు గారిదా, లూథర్ గారిదా అత్తయ్యా?”

అడగాల్సిన ప్రశ్నే. 1522లో లూథర్ జర్మన్ భాషలోకి కొత్త నిబంధనను తెచ్చినప్పుడు, రోమా 3:28లో విశ్వాసం పక్కన ‘మాత్రమే’ చేర్చాడు. గ్రీకులో ఆ మాట లేదు. గొడవ చేసినవాళ్లకు, జర్మన్‌లో అలా అంటేనే అర్థం సరిగా పలుకుతుందని జవాబిచ్చాడు. మన తెలుగు బైబిల్లోనూ అక్కడ ‘విశ్వాసమువలననే’ అని ఉంది. రోజుకు వందసార్లు ‘నే’ వాడే జాతి మనది, ఆయన బాధ మనకు అర్థం కాకపోతే ఎవరికి అవుతుంది?

వదిన వదల్లేదు. యాకోబు 2:24 ఆవిడకు కంఠతా వచ్చు: ‘విశ్వాసమూలమున మాత్రము కాక క్రియల మూలమునను’. విశ్వాసానికి ‘మాత్రమే’ నేరుగా తగిలించిన చోటు బైబిల్లో అదొక్కటే, అక్కడేమో ‘కాక’ అని ఉంది! ఆ పత్రికను గడ్డి పత్రిక అని లూథర్ రాసిన సంగతి కూడా వదినకు తెలుసు. అమ్మకు తెలియదు. నేను నోరు విప్పలేదు.

“పని చేసి రక్షణ కొనుక్కుంటామని మేమెక్కడ అన్నాం?” అంది వదిన. “మొదటి అడుగు దేవుడిదే. 1547లో మా కతోలిక పెద్దల ట్రెంట్ సభ చెప్పిందీ అదే. ఆ తర్వాత మనం కూడా నడవాలి కదా.”

నడిచేది మనమే అయినా ఆ నడక రక్షణకు ఫలమే గాని కారణం కాదంది అమ్మ. నాకు మాత్రం ఇద్దరి మాటల కంటే వాళ్ల పదాలు పట్టుకున్నాయి. మేము ‘కృప’ అంటాం. అది దేవుడి మనసులో ఉండేది, ఆయన మన మీద చూపించేది. వదిన జపమాల పట్టుకుంటే ‘దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా’ అంటుంది. వరప్రసాదం మనిషిలోకి వచ్చి నిండేది. రోమా పత్రికలోని ‘నీతిమంతులుగా తీర్చబడుట’ ఇంకా తమాషా. తీర్చడమంటే తీర్పు చెప్పడమా, తీర్చిదిద్దడమా? న్యాయాధిపతి నిర్దోషి అని ప్రకటించడమని లూథరన్ల పట్టు. లోపలి నుంచి మనిషిని మార్చడం కూడా అని కతోలికుల పట్టు. ఆ తర్జుమా చేసినాయన కావాలనే ఆ మాట వేశాడో లేదో గాని, రెండు వర్గాల తగవునూ ఒక్క క్రియాపదంలో ఇరికించాడు.

1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, వాటికన్ కలిసి ఈ విషయం మీద ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాదు, కృప వల్లనే అని అందులో ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ సంగతి చెబితే అమ్మ గట్టిగా తల ఊపింది. “చూశావా, అక్కడా ‘నే’ ఉంది.”

“అయితే పదో వచనం కూడా రాయించండి” అంది వదిన. సత్‌క్రియలు చేయడానికే దేవుడు మనల్ని సృష్టించాడనే వచనం. చార్టులో చోటు లేదన్నాను. “అది నోటితో చెబుతానులే, ముందు ‘నే’ పెట్టు” అంది అమ్మ.

నల్ల స్కెచ్‌పెన్ అప్పటికే ఎండిపోయింది. పిల్లల ఎర్ర పెన్నుతో ‘చేత’కూ ‘రక్షింప’కూ మధ్య ఇరికించాను. దూరం నుంచి చూస్తే అదొక్కటే కనిపిస్తోంది. అమ్మకు తెగ నచ్చింది.

పొద్దున ఆరింటికి వదినను పూజకు దింపాలి, తొమ్మిదింటికి అమ్మను ఆరాధనకు. ఉన్నది ఒక్క స్కూటరు, అందులో పెట్రోలు లేదు.