పతకం అంచు చదవాలి: పారిస్ టంకశాలలో ఒక రోజు

పోం నఫ్ వంతెన మీదుగా సెన్ నది ఎడమ గట్టుకు దిగి, కుడికి తిరిగి నాలుగడుగులు వేస్తే పారిస్ టంకశాల వస్తుంది. ఈ భవనం 1775లో పూర్తయింది. చలామణి నాణేల తయారీ 1973లో పెస్సాక్ ఊరికి తరలిపోయింది కానీ, పతకాల పని ఇంకా ఇక్కడే సాగుతోంది. పాత స్మారక పతకాలను తరాల తరబడి మళ్లీ మళ్లీ ఎలా అచ్చు వేశారో తెలుసుకోవడానికే వెళ్లాను.

పతకం అచ్చు వేసే ఉక్కు అచ్చును డై అంటారు, ఆ డైలోకి బొమ్మను దించే ఉక్కు పనిముట్టును పంచ్ అంటారు. ముందు ఈ రెంటికీ తేడా పట్టుకోవాలి. పంచ్ మీద బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటుంది, డైలో గుంటగా ఉంటుంది. శిల్పి మెత్తటి ఉక్కు మీద తల బొమ్మ చెక్కి, పదును పట్టించి గట్టిపరుస్తాడు. ఆ పంచ్‌ను మెత్తబరిచిన ఉక్కు దిమ్మెలోకి స్క్రూ ప్రెస్‌తో, అంటే మర తిప్పి ఒత్తే యంత్రంతో దించుతారు. దిమ్మె ముఖం చదునుగా ఉండదు, నడుమ కాస్త ఎత్తుగా ఉంటుంది. అలా అయితేనే లోహం మధ్య నుంచి అంచులకు జరుగుతుంది. ఒక్క దెబ్బకు బొమ్మ దిగదు. కొట్టినకొద్దీ ఉక్కు బిరుసెక్కుతుంది కాబట్టి, కాల్చి నెమ్మదిగా చల్లార్చి మళ్లీ కొట్టాలి. అక్షరాలను మాత్రం ఒక్కొక్కటిగా చిన్న పంచ్‌లతో చేత్తో కొడతారు. నకలు డైని పట్టిచ్చేవి చాలాసార్లు ఈ అక్షరాలే. చివరికి డైని బొగ్గుపొడిలో కప్పి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచుతారు. తర్వాత లేత పసుపు రంగు తేలేదాకా వేడిచేసి పెళుసుదనం తగ్గిస్తారు. నెలల శ్రమ ఆ ముంచిన క్షణంలోనే చీలిపోవచ్చు.

అసలు డై బతికి ఉంటే తిరిగి అచ్చు వేయడం తేలికే అనిపిస్తుంది. కానీ డైకి తుప్పు పడుతుంది. తుప్పు తిన్న గుంటలు పతకం మీద చిన్న పొక్కుల్లా లేస్తాయి, డైలోని పగులు సన్నని గట్టులా కనిపిస్తుంది. తుప్పు పోవాలని డైని సానబడితే జుట్టు పాయల వంటి లోతు తక్కువ గీతలు మాయమవుతాయి. కాబట్టి తర్వాతి కాలపు ముద్రణలో బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ భాగం అద్దంలా మెరుస్తూ, కణతల దగ్గర జుట్టు బోసిగా ఉంటే ఆశ్చర్యం లేదు.

డై పగిలినా పంచ్ మిగిలి ఉంటే కొత్త డై చేయవచ్చు. ముఖం అచ్చంగా అదే వస్తుంది, అక్షరాల మధ్య ఎడం మాత్రం మారుతుంది. రెండూ పోతే మిగిలేది పతకమే. దాని అచ్చు తీసి కంచు పోత పోస్తే, చల్లారేటప్పుడు నూటికి సుమారు ఒకటిన్నర వంతు కుంచించుకుంటుంది. అంటే 68 మిల్లీమీటర్ల పతకం దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. పెద్ద నమూనాను చూసి అదే బొమ్మను చిన్నదిగా ఉక్కులో తొలిచే తగ్గింపు లేత్ అనే యంత్రం వచ్చాక ఇంకో దారి ఏర్పడింది. నమూనా, ఉక్కు దిమ్మె ఒకే వేగంతో తిరుగుతుంటాయి. ఒక కొసన మొద్దు సూది నమూనాను తడుముతుంటే, రెండో కొసన కోతముక్క ఉక్కును అదే తీరులో తొలుస్తుంది. ఆ కోతముక్క వదిలిన సన్నని వలయాలను చేత్తో సరిచేయకపోతే, పతకం మీద భూతద్దంలో కనిపిస్తాయి.

బోస్టన్ ముట్టడి విజయానికి అమెరికా కాంగ్రెస్ 1776లో సేనాని జార్జ్ వాషింగ్టన్‌కు ప్రకటించిన పతకం ఇందుకు మంచి ఉదాహరణ. డైలు చెక్కింది పారిస్‌లో దువివియే అనే శిల్పి. ఇదే టంకశాల తర్వాత కొత్త డైలతో దాన్ని మళ్లీ మళ్లీ అచ్చు వేసింది, ఫిలడెల్ఫియా టంకశాల తన సొంత నకలు డైలు చేసుకుంది. అన్నిటి మీదా దువివియే పేరే ఉంటుంది. సంతకం చూసి అసలుదని నమ్మకూడదు.

మరి ఎప్పటి ముద్రణో ఎలా తెలుస్తుంది? అంచు తిప్పి చూడాలి. పారిస్ టంకశాల చేసిన గొప్ప మేలు ఇది. 1832 నుంచి అంచు మీద లోహం పేరుతో పాటు ఒక గుర్తు కొట్టింది. 1841 దాకా దీపం, తర్వాత ఏడాది పాటు లంగరు, 1842 నుంచి 1845 దాకా ఓడ ముక్కు, 1860 దాకా చూపుడు వేలు చాచిన చెయ్యి, 1879 దాకా తేనెటీగ, 1880 నుంచి ధాన్యపు కొమ్ము. ముఖం మీద నెపోలియన్ పట్టాభిషేకం ఉండి అంచున తేనెటీగ ఉంటే, అది మూడో నెపోలియన్ రోజుల్లోనో ఆ వెంటనే వచ్చిన రిపబ్లిక్ కాలంలోనో అచ్చయినదన్నమాట. అంచు ఖాళీగా ఉన్నంత మాత్రాన 1832 ముందుదని తేల్చేయకూడదు, గుర్తును ఆకురాయితో రుద్ది చెరిపేసినవీ ఉంటాయి. వెలుగు పక్క నుంచి పడేలా పట్టుకుంటే రుద్దిన గీతలు కనిపిస్తాయి.

పతకాలు చూడటానికి వెళ్లేవారు పది రెట్ల భూతద్దం, అడ్డుకొలత కచ్చితంగా తీసే వెర్నియర్ కాలిపర్ వెంట ఉంచుకోవాలి. మన దగ్గరి పతకాలకూ అవి పనికొస్తాయి. నిజాం సేన కూడా పాల్గొన్న 1799 శ్రీరంగపట్నం ముట్టడికి ఈస్టిండియా కంపెనీ వేయించిన పతకంలో సింహం పులిని అణచే బొమ్మ ఉంటుంది. బర్మింగ్‌హామ్ సోహో టంకశాలలో అచ్చయినది 48 మిల్లీమీటర్లు, కలకత్తా టంకశాలది 45. కాలిపర్ పెడితే అక్కడే తేలిపోతుంది.