మాడవీధి మలుపులో క్యోటో

మా ఇంట్లో ఏడాదిగా ఒక అలవాటు సాగుతోంది. నెలకొక దేశం పండగ గురించి పిల్లలకు చదివి వినిపిస్తాను. జపాన్ వాళ్ల రథాలు, మెక్సికోలో పితృదేవతలకు పరిచే బంతిపూల దారి, థాయ్‌లాండ్‌లో నీళ్లు చల్లుకునే కొత్త సంవత్సరం... పదేళ్ల మా బాబుకి ఇవన్నీ నోటికి వచ్చేశాయి. కానీ వాడు చెబుతుంటే ఎక్కాలు అప్పజెబుతున్నట్టే ఉండేది. ఆ దిగులే ఫోనులో మా పిన్నితో చెప్పుకున్నాను. ఆమెది చెన్నైలో మైలాపూరు. మూడు తరాలుగా అక్కడే ఉన్నా ఇంట్లో మాట్లాడేది తెలుగే.

"పుస్తకం మూసేసి పిల్లల్ని తీసుకురావే. రెండు రోజులు మా వీధిలో నిలబడనీ" అంది పిన్ని.

అక్కడి కపాలీశ్వరస్వామి కోవెలలో తమిళ నెల పంగునిలో బ్రహ్మోత్సవాలు పది రోజులు జరుగుతాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తాయి. ఏడో రోజు తేరు, ఎనిమిదో రోజు అరుపత్తుమూవర్, అంటే నాయన్మార్లనే 63 మంది శివభక్తుల ఊరేగింపు. మేము ఆరో రోజు సాయంత్రానికి నెల్లూరు నుంచి రైల్లో చేరుకున్నాం.

మర్నాడు పొద్దున్నే తేరు కదిలింది. ముందు తాడు కనిపించింది. బాబు మణికట్టు కన్నా లావుగా ఉంది. వాడు దాన్ని తాకి, కాసేపు అందరితో పాటు లాగి, అరచేతులు ఎర్రబడగానే పరుగెత్తుకుంటూ వచ్చి నాకు చూపించాడు. అసలు విశేషం మలుపు దగ్గర ఉంది. అంత ఎత్తు తేరు సందు మలుపు తిరగాలంటే జనం లాగితే సరిపోదు. చక్రాల పక్కనే కొందరు మనుషులు చెక్క దిమ్మలు పట్టుకుని నడుస్తుంటారు. అదను చూసి దిమ్మను చక్రం కిందికి నెడతారు, మరుక్షణంలో వెనక్కి దూకుతారు. చెక్క కిర్రుమంటుంది, తేరు వేళ్ల మందాన పక్కకు ఒరుసుకుంటుంది. మళ్లీ దిమ్మ, మళ్లీ కేక, మళ్లీ తాడు. ఒక్క మలుపుకి ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు. మా బాబు మాత్రం రెప్ప వేయలేదు.

ఉన్నట్టుండి నా కొంగు లాగాడు. "అమ్మా, క్యోటోలో వెదురు బద్దలు!"

వాడు చెప్పింది నిజమే. క్యోటో నగరంలో జూలైలో జరిగే గియోన్ ఉత్సవంలోనూ ఇలాంటి పెద్ద రథాలే ఉంటాయి. కొన్ని పన్నెండు టన్నుల దాకా బరువు తూగుతాయి. వాటి చక్రాలు పక్కకు తిరగవు. అందుకని మలుపులో చీల్చిన వెదురు బద్దలు పరిచి, నీళ్లు పోసి, జారేలా చేసి పక్కకు లాగుతారు. 869లో అంటురోగాలు ప్రబలినప్పుడు దేవతలను శాంతింపజేయడానికి మొదలైన పండగ అది. ఇదంతా వాడికి ముందే తెలుసు. కానీ ఆ బరువు ఎంతో, ఆ కేక ఎందుకో మైలాపూరులోనే తెలిసింది.

తేరు ఆగినప్పుడు దిమ్మలు వేసే పెద్దాయన దగ్గరికి వెళ్లి, ఎప్పుడు వేయాలో ఎలా తెలుస్తుందని అడిగించాడు. పిన్ని తమిళంలో అడిగి, ఆయన జవాబును తెలుగులో చెప్పింది: "చక్రం గొంతు మారుతుంది బాబూ, అది వినాలి."

ఎనిమిదో రోజు ఉదయం కోనేటి దగ్గర పూంపావై కథను ఉత్సవంగా జరిపారు. ఈ ఊరి వర్తకుడి కూతురు పూంపావై పాము కరిచి చనిపోతే, తండ్రి ఆమె అస్థికలను కుండలో దాచి ఉంచాడు. నాయన్మార్లలో ఒకడైన సంబందర్ వచ్చి పాట పాడి ఆమెను బతికించాడు. ఆ పాట ఏమిటో తెలిసినప్పటి నుంచి నాకు అది మనసులో మెదులుతూనే ఉంది. ఏడో శతాబ్దపు పాట అది, దాదాపు పొడుగునా ఈ ఊరి పండగలే: ఐప్పసి ఓణం, కార్తిక దీపాలు, తిరువాదిరై, తై పూసం, మాసిలో సముద్ర స్నానం, పంగుని ఉత్తరం. ఒక్కొక్కటీ చెప్పి, ఇది చూడకుండానే పోతావా అమ్మా అని అడుగుతాడు.

ఆరేళ్ల మా పాప ఆ కుండను చూస్తూ, "పండగ చూపిస్తానంటే లేచొచ్చిందా?" అంది. అవునన్నాను.

మధ్యాహ్నం ఎండలో పల్లకీలు మొదలయ్యాయి. ఒక్కో పల్లకీలో కొందరు నాయన్మార్లు, చిన్న చిన్న కంచు విగ్రహాలు. ఆ 63 మందిలో కుమ్మరి ఉన్నాడు, జాలరి ఉన్నాడు, చాకలి ఉన్నాడు, కారైక్కాల్ అమ్మయార్ ఉంది. మా పిల్లలు మాత్రం ఒక్కరి కోసమే వెతికారు. కన్నప్ప, మన కాళహస్తి తిన్నడు. "మన ఊరి వైపు ఆయనే!" అని పాప కేక పెట్టింది. పక్కనున్న ముసలమ్మ నవ్వి చోటిచ్చి ముందుకు నిలబెట్టింది.

చిన్నపిల్లలున్న వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఎనిమిదో రోజు సాయంత్రం జనం మరీ ఎక్కువ. మా పాప ఒక దశలో బెదిరిపోయింది, ఎత్తుకుని పిన్ని వాళ్ల అరుగు మీదికి వచ్చేశాను. నిజానికి అసలు పండగ అక్కడే దొరికింది. ఆ వీధిలో దాదాపు ప్రతి గడపలోనూ ఏదో ఒకటి పంచుతుంటారు: పానకం, మజ్జిగ, పులిహోర, విసనకర్రలు. పిన్ని ఇద్దరికీ చెరో గ్లాసుల దొంతర ఇచ్చి, "అడిగినవాళ్లకే కాదు, అడగనివాళ్లకు కూడా ఇవ్వండి" అంది. రెండు గంటలు మజ్జిగ పంచారు. మొదట సిగ్గుపడిన పాప, చివరికి వీధిలోకి వంగి దారినపోయేవాళ్లను పిలవడం మొదలుపెట్టింది.

పూలమ్మి దగ్గర బంతిపూల దండ కొంటుంటే బాబు మెక్సికో సంగతి తెచ్చాడు. అక్కడ నవంబరు మొదటి రెండు రోజుల్లో, చనిపోయినవాళ్లకు దారి తెలియాలని ఈ పూలరేకులే పరుస్తారు. అసలు బంతి పుట్టిల్లు కూడా ఆ దేశమే అని చెబితే, దండను ఇంకోసారి చూసుకున్నాడు.

తిరుగు రైల్లో పాప, వీధిలో కొన్న లక్కపిడతలు సీటు మీద పరిచింది. నెల్లూరు వచ్చేదాకా బొటనవేలంత గ్లాసుతో ఎదుటి సీటు తాతగారికి మజ్జిగ పోస్తూనే ఉంది. ఆయనా వద్దనకుండా తాగుతూనే ఉన్నారు.