గునుగు గీత అవతలే ఉంది

ఈరోజు సెకండియర్ పిల్లలకు ఎకాలజీ ప్రాక్టికల్. రాత్రి వానకి గ్రౌండ్ అంతా బురద, అయినా వాయిదా వెయ్యలేదు. ఆగస్టులో ఉన్నన్ని మొక్కలు మళ్ళీ దొరకవు, ఇదే నేలని ఏప్రిల్లో లెక్కపెడితే సగం పేర్లు కాగితం మీదికే రావు, విత్తనాలుగా మట్టిలో పడి ఉంటాయి.

మా క్వాడ్రాట్, అంటే నేల మీద పెట్టి లోపలి మొక్కల్ని లెక్కపెట్టే చదరపు ఫ్రేమ్, ఏమంత పెద్ద పరికరం కాదు. మీటరు పొడవు పీవీసీ పైపులు నాలుగు, మూలలకి ఎల్బోలు, లోపల సుతిలితో అడ్డంగా నిలువుగా కట్టిన వంద గళ్ళు. పిల్లలకి దాన్ని గిరాటెయ్యడమంటే సరదా, పాత రికార్డుల్లో కూడా ‘కళ్ళు మూసుకుని విసరాలి’ అనే ఉంటుంది. నాకు ఆ పద్ధతి నచ్చదు. కళ్ళు మూసుకున్నా చేతికి తెలుసు ఎటు విసరకూడదో. పల్లేరుకాయలున్న వైపు ఎవరూ విసరరు, వయ్యారిభామ గుంపులోకి అసలే విసరరు, దురదలొస్తాయని. చివరికి గ్రౌండ్‌లో గరిక, గడ్డిచామంతి తప్ప ఇంకేం లేవని తేలుతుంది. అందుకే రెండు గోడల వెంట టేపులు పరిపించి, ఫోన్‌లో ర్యాండమ్ నంబర్లు తీయించి, ఎక్కడ వస్తే అక్కడే ఫ్రేమ్ పెట్టించాను. ఒకటి నీళ్ళగుంటలో వచ్చింది. "ఇక్కడేం లేదు కదా మేడమ్, వదిలేద్దాం" అన్నారు. సున్నా అని రాయమన్నాను. సున్నా రాయడానికి వీళ్ళకి ఎంత మొహమాటమో!

అసలు పేచీ గునుగు దగ్గర వచ్చింది. ఫ్రేమ్‌కి జానెడు అవతల, గులాబీ రంగు తిరిగిన తెల్లటి కంకులతో, ఇంకొన్నాళ్ళకి బతుకమ్మకి కోసుకునేలా నిలబడి ఉంది. లోపలేమో గరిక, కాస్త తుంగ. "కొంచెం జరుపుదాం మేడమ్, ప్లీజ్" అని ఒకమ్మాయి. నాకూ జరపాలనే అనిపించింది, ఎందుకు అనిపించదు? కానీ అందంగా ఉన్నదాని వైపు ఒకసారి జరిపితే ఇక లెక్క మొత్తం మనకి నచ్చినవాటి జాబితా అయిపోతుంది. గునుగుని విడిగా, ‘గ్రౌండ్‌లో కనిపించినవి’ అనే పేజీలో రాయించాను. లెక్కలోకి మాత్రం రాదు. వేరు లోపలుంటేనే లోపలి మొక్క, ఆకులు ఎంత వంగి వచ్చినా సరే.

ఆ తర్వాత ఒకబ్బాయి మంచి ప్రశ్న అడిగాడు: గరికని ఎన్ని అని లెక్కపెట్టాలి? నిజమే, ప్రతి కణుపు దగ్గరా వేళ్ళూని పాకుతుంది, పది మొక్కల్లా కనిపించేది ఒక్కటే కావచ్చు. అలాంటివాటికి సంఖ్య వదిలేసి, వంద గళ్ళలో ఎన్నిటిని కప్పిందో చూస్తాం. అలాగని ఒక మొక్కకి సంఖ్య, ఇంకోదానికి శాతం రాస్తే పోల్చలేం, కాబట్టి అన్నిటికీ శాతమే వేయించాను.

వాళ్ళు గళ్ళు లెక్కపెడుతుంటే రాస్కో పౌండ్ కథ చెప్పాను. 1890ల చివర్లో తోటి వృక్షశాస్త్రవేత్త క్లెమెంట్స్‌తో కలిసి నెబ్రాస్కా గడ్డిమైదానాల్లో గళ్ళు గీసి మొక్కలు లెక్కపెట్టాడు, కంటి అంచనా ఎంత తప్పో అలా తెలిసింది. అదే పౌండ్ తర్వాత హార్వర్డ్ లా స్కూల్‌కి డీన్ అయ్యాడు. సాక్ష్యం లేకుండా కంటిని నమ్మకపోవడం అప్పుడే అలవాటై ఉంటుంది.

మధ్యలో వాచ్‌మన్ వచ్చి "ఏమన్న పడిపోయిందా మేడమ్, నేను గూడ వెతకాల్నా?" అని అడిగాడు. మొక్కలు లెక్కపెడుతున్నామంటే నవ్వి, గోడ మూలన ఉత్తరేణి ఉందని చూపించాడు. అదీ ‘కనిపించినవి’ పేజీలోకే.

క్లాసుకొచ్చాక సింప్సన్ సూచిక, ఒకచోట జాతుల వైవిధ్యం ఎంతో చెప్పే అంకె. 1949 నాటి సూత్రం. ఆ సింప్సన్ యుద్ధకాలంలో బ్లెచ్లీ పార్క్‌లో శత్రువుల కోడ్లు ఛేదించే పనిలో ఉన్నవాడు. బోర్డు మీద రెండు స్థలాలు వేశాను, రెండిట్లోనూ ఐదేసి జాతులు. ఒకచోట ఒక్కోటీ 20 శాతం, ఇంకోచోట వయ్యారిభామే 80, మిగతా నాలుగూ ఐదేసి. ఒక్కో వాటాని దానితోనే హెచ్చించి, వచ్చినవన్నీ కూడి ఒకటిలోంచి తీసేస్తే మొదటిదానికి 0.8, రెండోదానికి 0.35. జాతుల సంఖ్య ఒక్కటే చూస్తే రెండూ సమానం! అప్పటిదాకా నిద్రమొహాలతో ఉన్న వెనక బెంచీ అక్కడ లేచింది.

సాయంత్రం బస్సు బయోడైవర్సిటీ జంక్షన్‌లో మామూలుగానే ఆగిపోయింది. 2012లో మన నగరంలో ఐక్యరాజ్యసమితి జీవవైవిధ్య సదస్సు జరిగిందని, ఈ జంక్షన్ పేరు ఆ రోజులదని, పిల్లలకెవరికీ తెలీదు, వాళ్ళకి అదొక ఫ్లైఓవర్. ఆ ట్రాఫిక్‌లోనే డేటా షీట్లు తిరగేశాను. ఒక బ్యాచ్ షీట్‌లో ప్రతిదానికీ శాస్త్రీయ నామం ఠక్కున రాసేసి ఉంది, నాకు అనుమానమే. ఇంకో బ్యాచ్ ‘తెలియనిది 1’, ‘తెలియనిది 2’ అని రాసి, పక్కన ఆకు బొమ్మలు గీసి, ఏ ఫ్రేమ్‌లో ఎంత కప్పిందో వేసింది. పేరు తెలియకపోయినా రెండూ వేరని తెలిస్తే సూచిక వెయ్యొచ్చు, వీళ్ళకే ఎక్కువ మార్కులు. వీళ్ళ ‘తెలియనిది 1’ నేల ఉసిరిలా ఉంది, ఆకుల కింద కాయలున్నాయేమో రేపు చూడమనాలి. రెండోది పువ్వు పూసేదాకా చెప్పలేం.