నౌపడ ఉప్పు మడుల్లో

ఎండాకాలం మధ్యాహ్నం శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల్లో నిలబడితే కళ్ళు తెరవలేం. కింద నుంచి కూడా ఎండ కొడుతుంది.

లీటరు సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 35 గ్రాములే. నీటిని ఒక మడి నుంచి ఇంకో మడికి వదులుతూ చిక్కబరుస్తారు. చివరి మడిలో అడుగున పలుకులు కట్టాక, పొడవాటి కర్రకు బిగించిన పలకతో గట్టు మీదకి లాగుతారు. నీరు పూర్తిగా ఇంకిపోయే దాకా ఎందుకు ఆగరు అని అడిగాను. "ఆ నీరు చేదు బాబూ, ఉప్పు పాడైపోద్ది" అన్నారు అక్కడి పెద్దాయన. మెగ్నీషియం లవణాలు అందులోనే మిగులుతాయి మరి. వాన గురించి అడిగితే చెయ్యి ఊపేశారంతే.

రాత్రి కూర్చుని మిగతా దేశాల సంగతి చదివాను. ఫ్రాన్స్‌లోని గెరాండ్‌లోనూ బంకమట్టి మడులే. నీటి మీద తేలే సన్నటి పొరను విడిగా తీసి ‘ఫ్లర్ ద సెల్’ పేరుతో ఖరీదుగా అమ్ముతారు. జపాన్ నోటో ద్వీపకల్పంలో పాత పద్ధతి ఇంకా ఉంది: సముద్రపు నీటిని ఇసుక మీద చల్లి ఆరబెట్టి, ఆ ఇసుకను మళ్ళీ అదే నీటితో కడిగి, దిగిన చిక్కటి నీటిని పెద్ద బానల్లో గంటల తరబడి కాస్తారు. ఇంగ్లండ్ మాల్డన్‌లో మన ఎండలు ఎక్కడివి, అక్కడా కాచడమే.

చిన్న డబ్బా ఫ్రెంచి ఉప్పుకి వందలు పోసేవాళ్ళం, నౌపడ కళ్ళుప్పు దగ్గరికొచ్చేసరికి రూపాయికి బేరం ఆడతాం. మా అమ్మ అయితే మరీను. ఆవకాయకి మాత్రం ఆ ఉప్పే కావాలి!